అలసంద కాడల మీద తేనె చుక్కలు, చీమల బారులు: తెగులా, ఇంకేమన్నానా?

పాకాల_రైతుబిడ్డ
అర ఎకరాలో అలసంద వేసినా. మావైపు కొందరు కారామణి అంటారు, అదే. కాయ పట్టే దశలో వుండాది. వారం నుంచి చూస్తా వుండా, పూలొచ్చే కాడ కొసన, జంట కాయల మధ్యలో సన్న చుక్కలు మెరుస్తా వుండాయి. వేలికి జిగురు, నాలిక్కి తీపి. చీమలు బారులు కట్టినాయి. ఫోటో తీసుకోని మందుల అంగడికి పోతే "పేనుబంక పడింది, ఇది తేనెమంచు" అని డబ్బా చేతిలో పెట్టినాడు. కొట్టినా. చీమలు పోయినాయి. చుక్కలు మాత్రం మళ్ళా పొద్దున్నే అదే జాగాలో రెడీ! నాలుగు రోజులకు కాయతొలుచు పురుగు కూడా కనిపించింది. పువ్వు లేని చోట తేనె యాడ నుంచి వస్తుందబ్బా? తెలిసినోళ్ళు చెప్పండి, మళ్ళా డబ్బు పారబోసుకోలేను.

మామిడి_పూత
ఇరవై ఏండ్లుగా తోతాపురి తోట చూస్తా వుండా. పూత మీద తేనెమంచు పురుగు పడితే ఆకులన్నీ ఇట్లే జిగురు జిగురుగా అయితాయి. చీమలు, ఆమీద మసి. నీది కూడా అదే అయివుంటాది తమ్ముడూ. మందు సరిగ్గా తగల్లేదేమో, ఆకు అడుక్కి కొట్టినావా?

కుండీల_తోట
మా మిద్దె మీద మందారానికి కూడా చీమలే. పిండినల్లి అనుకుని సబ్బునీళ్ళు కొట్టీ కొట్టీ చేతులు అరిగిపోయాయి. పురుగు ఒక్కటీ లేదు, చీమలు మాత్రం పోవు.

సూక్ష్మదర్శిని
మళ్ళీ మందు కొట్టకముందు ఒక్కటి చూసి చెప్పు తమ్ముడూ. చుక్కలు ఆకుల మీద చెదురుమదురుగా పడివున్నాయా, ప్రతి కాడలోనూ అదే చోట నిలబడి వున్నాయా? తేనెమంచు అంటే పురుగు రసం పీల్చి, తనకు ఎక్కువైన చక్కెరనీళ్ళు వెనక నుంచి వదిలేది. అది పైనుంచి రాలుతుంది కాబట్టి కింది ఆకుల పైభాగం మీద తుంపర్లుగా మెరుస్తుంది, కొన్నాళ్ళకు దాని మీద మసి పడుతుంది. నువ్వు చెప్తున్నది మాత్రం మొక్క తానే చేసుకున్న గ్రంథిలా వుంది.

పాకాల_రైతుబిడ్డ
ఇప్పుడే పోయొచ్చినా అక్కా. ప్రతి కాడలోనూ అదే చోట. రెండు పూలు పుట్టే చోట వాటి నడుమ చిన్న బొడిపెలు వుండాయి, ఆవగింజ కన్నా సన్నంగా. చుక్క వాటి మీదే నిలబడింది. ఆకుల మీద జిగురు లేదు, మసి లేదు. పేనుబంక ఒక్క మొక్కకు కూడా కనపళ్ళేదు.

సూక్ష్మదర్శిని
అయితే జబ్బు కాదు. పూలు తేనె ఇచ్చినట్టే అలసంద కాడ కూడా తేనె ఇస్తుంది. పువ్వు బయట వుండే మకరంద గ్రంథులవి. పువ్వు లోపలివీ బయటివీ అని రెండు రకాలుగా 1848లోనే కాస్పరీ అనే జర్మన్ శాస్త్రవేత్త విడదీశాడు. ఎదగకుండా ఆగిపోయిన మొగ్గల చోట అలసందకు ఈ బొడిపెలు వస్తాయి. లోపలిది పరాగసంపర్కం చేసే ఈగలకూ తేనెటీగలకూ. బయటిది ఎక్కువగా చీమలకూ కందిరీగలకూ. తీపి కోసం వచ్చిన చీమ ఆ చుట్టుపక్కల కనిపించిన గుడ్డునూ చిన్న పురుగునూ కూడా ఎత్తుకుపోతుంది.

మామిడి_పూత
అట్లయితే నా మాట వెనక్కి తీసుకుంటా. కానీ ఒకటి. అలసందకు పేనుబంక పడేది కూడా నిజం, ఆ పేనుబంకను చీమలే కాపలా కాసేదీ నిజం. చీమలంటే మంచివే అని పిల్లోడికి నూరిపోయొద్దు.

సూక్ష్మదర్శిని
నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా అన్నా. అందుకే చీమను చూసి తీర్పు చెప్పకూడదు, అది దేని దగ్గర ఆగిందో చూడాలి. బొడిపె దగ్గర ఆగితే ఒక కథ, లేత చిగురు కింద నల్ల పేను గుంపు దగ్గర ఆగితే ఇంకో కథ.

శేషాచలం_నడక
మందు కొట్టడం వల్లే కాయతొలుచు పురుగు వచ్చిందని మాత్రం అనుకోవద్దు. నాలుగు రోజుల్లో కాయలో పురుగు కనిపించిందంటే గుడ్లు అంతకు ముందే పెట్టివుండొచ్చు. ఒక్క చేను, ఒక్కసారి. అంతమాత్రానికే ఇది దీనివల్లే అని చెప్పలేం.

పాకాల_రైతుబిడ్డ
న్యాయమే. ఈసారి నాలుగు సాళ్ళు మందు కొట్టకుండా వదిలి చూస్తా.

పీలేరు_పిల్లోడు
బీఎస్సీ రెండో ఏడాది నేను. మా పుస్తకంలో దీని గురించి వున్నది ఒక్క వాక్యం: "కొన్ని పుష్పాలలో మకరంద గ్రంథులుండును." అంతే! అక్కా, లోపల అసలు ఏముంటుంది? మామూలు కణాలే చక్కెర కారుస్తాయా?

సూక్ష్మదర్శిని
ఎమ్మెస్సీలో ఆర్నెల్లు ఈ పని మీదే కూచున్నా, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

మా కాలేజీ తోటలో నాలుగు పొగాకు మొక్కలుండేవి. పొగాకు పువ్వును నిలువునా చీలిస్తే అండాశయం అడుగున నారింజరంగు పట్టీ కనిపిస్తుంది. అదే గ్రంథి. లేత మొగ్గలో ఆ రంగు వుండదు. పువ్వు విచ్చే వేళకు బీటా కెరోటిన్ చేరి రంగు తిరుగుతుంది. నేను బ్లేడుతో పల్చటి ముక్కలు కోసి గాజు పలక మీద పెట్టి అయోడిన్ చుక్క వేసేదాన్ని. విచ్చబోయే మొగ్గలో గ్రంథి అంతా నల్లబడేది, పిండిపదార్థం అంత దట్టంగా నింపుకుని వుంటుంది. విచ్చిన పువ్వులో అదే చోట అయోడిన్ వేస్తే రంగు పెద్దగా పట్టేది కాదు. దాచిన పిండి అంతా ఆ కొద్ది వ్యవధిలో చక్కెరగా మారిపోయింది. మొదటిసారి ఆ రెండు పలకలూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు హాస్టల్లో అన్నం చల్లారిపోయినా లేవలేదు.

నిర్మాణం విషయానికొస్తే, పైన బాహ్యచర్మం వరస. దాని కింద చిన్నచిన్న కణాలు కిక్కిరిసి వుంటాయి. గోడలు పల్చన, లోపల జీవపదార్థం చిక్కన, కేంద్రకం పెద్దది, మైటోకాండ్రియాలు బాగా ఎక్కువ. చూడగానే ఇది కష్టపడే కణం అని తెలిసిపోతుంది. ఇంకా లోపలికి పోతే కణాలు పెద్దవవుతాయి, నడుమ సందులు పెరుగుతాయి. అక్కడిదాకా నాళాల కొసలు వస్తాయి. వాటిలో ఎక్కువ పాలు పోషక కణజాలమే, అంటే ఆకు వండిన చక్కెరను మోసుకొచ్చే గొట్టం. కొన్ని మొక్కల్లో నీళ్ళు మోసే దారువు కూడా వస్తుంది.

బయటికి వచ్చే దారి మాత్రం మొక్కను బట్టి మారుతుంది. చాలావాటిలో పత్రరంధ్రాల్లాంటివే వుంటాయి, కానీ అవి మామూలు రంధ్రాల్లా మూసుకోలేవు, తెరిచిన వాకిలి తెరిచినట్టే. కొన్నింటిలో నూగు కొసల నుంచి ఊరుతుంది. ఇంకొన్నింటిలో పైనున్న మైనపు పొర ఉబ్బి చిట్లుతుంది, లేదా దాని గుండానే చెమ్మ చేరుతుంది.

కుండీల_తోట
మందారంలో ఏ రకం అక్కా? నా చీమల సంగతి తేలాలి.

సూక్ష్మదర్శిని
నూగు రకం. పువ్వులో వెతికితే ఆకర్షక పత్రాల దగ్గర దొరకదు. కింద పచ్చటి గిన్నె వుంటుందే, రక్షక పత్రాలు, దాని లోపలి గోడకు అడుగున పొట్టి పొట్టి గ్రంథి నూగు దట్టంగా వుంటుంది. ఇక మీ చీమలు వచ్చేది ఆకుకి. ఆకు తిరగేసి నడిమి ఈనె మొదట్లో చూడండి, సన్నటి గాటులాంటిది వుంటుంది. అదీ గ్రంథే.

కుండీల_తోట
వుంది!! భూతద్దం కూడా అక్కర్లేదు, కోణం మార్చి చూస్తే మెరుస్తోంది. రెండేళ్ళుగా ఈ గాటు మీద సబ్బునీళ్ళు కొడుతున్నానా...

రిటైర్డ్_మాస్టారు
మా రోజుల్లో చదివింది వేరు. మొక్కలో చక్కెర ఎక్కువైనప్పుడు పోషక కణజాలపు కొసల నుంచి ఒత్తిడికి అది బయటికి కారుతుందని, నిండిన కుండ పొర్లినట్టన్నమాట. దీనికింత యంత్రాంగం కావాలా?

సూక్ష్మదర్శిని
ఆ వాదన చాలాకాలం బలంగానే నడిచింది మాస్టారూ, కొట్టిపారేసేది కాదు. గొట్టంలో ఒత్తిడి లేకుండా పని జరగదు కూడా. కానీ వట్టి పొర్లడమే అయితే గొట్టంలో ఏముందో బయట కూడా అదే రావాలి కదా? చాలా మొక్కల్లో అట్లా రాదు. గొట్టంలో వచ్చేది ఎక్కువగా సుక్రోజ్, అంటే మన పంచదార. బయట చుక్కలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే వేరే చక్కెరలు కూడా బోలెడు. గొట్టంలో దండిగా వుండే అమైనో ఆమ్లాలు తేనెలోకి వచ్చేసరికి బాగా తగ్గిపోతాయి. నడుమ ఎవరో జల్లెడ పట్టారు.

2014లో ఒక పెద్ద ముడి విడింది. ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో స్వీట్9 అనే ప్రోటీన్ సుక్రోజును గ్రంథి కణం నుంచి బయటికి పంపే ద్వారమని తేలింది. దాని జన్యువు చెడగొట్టిన మొక్కలో గ్రంథి వుంటుంది, రూపం బాగానే వుంటుంది, తేనె మాత్రం ఒక్క చుక్క రాదు. రావాల్సిన చక్కెర వెనక్కి తన్ని పిండిగా పేరుకుంటుంది. పొర్లే కుండకు ద్వారం అక్కర్లేదు కదా మాస్టారూ.

రిటైర్డ్_మాస్టారు
ద్వారం మూస్తే వెనక పేరుకోవడం, ఇది గట్టి సాక్ష్యం. ఒప్పుకున్నాను. ఇంకో సందేహం. చక్కెర బయటికి పంపావు సరే, నీళ్ళెట్లా వచ్చాయి? చుక్కలో ఎక్కువ భాగం నీళ్ళే కదా.

కుండీల_తోట
దీనికి నేను చెప్తా, తప్పయితే అక్క దిద్దుతుంది. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట ఊరుతుందే, అట్లా కాదూ?

సూక్ష్మదర్శిని
సరిగ్గా అదే! ఇందులో ఇంకో తెలివి కూడా వుంది. అరబిడాప్సిస్‌లో బయటికొచ్చిన సుక్రోజును కణం గోడలోని ఇన్వర్టేజ్ అనే ఎంజైము రెండుగా తుంచుతుంది, గ్లూకోజ్ ఒకటి, ఫ్రక్టోజ్ ఒకటి. ఒక అణువు రెండయ్యేసరికి నీళ్ళను లాగే శక్తి పెరుగుతుంది. జాడీలో మళ్ళీ ఉప్పు వేసినట్టే. ఆ ఇన్వర్టేజ్ లేని మొక్కలో కూడా తేనె రాదు.

టమాటా_బుట్ట
పలమనేరు నుంచి. మా టమాటా తోట పక్కన తేనెటీగల పెట్టెలు పెట్టిస్తే ఒక్క ఈగ కూడా టమాటా పువ్వు మీద వాలేది కాదు, అన్నీ పక్క కానుగ చెట్టుకే. పెట్టెలు అమ్మినాయన "మీ పూలలో మందు వాసన" అన్నాడు. గ్రంథి పాడైతుందా మందుకు?

సూక్ష్మదర్శిని
పాడవడానికి అసలు వుంటే కదా. టమాటా పువ్వులో తేనె వుండదు. అది ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ కేసరాల గొట్టంలో బిగించి పెట్టుకుంటుంది. పువ్వును పట్టుకుని ఒళ్ళు ఝుమ్మని అదిరిస్తేనే రాలుతుంది. తుమ్మెదల్లాంటివి, నీలి చారల ఈగలు ఆ పని చేస్తాయి. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. మీ పూల తప్పూ లేదు, ఈగల తప్పూ లేదు.

టమాటా_బుట్ట
ఈ ఒక్క మాట పోయినేడు చెప్పివుంటే పెట్టెల డబ్బు మిగిలేది నాకు 😔

మామిడి_పూత
మామిడిలో యాడ వుంటుందమ్మా? పూత మీద ఈగలు గుంపులు గుంపులుగా వుంటాయి.

సూక్ష్మదర్శిని
ఒక పువ్వును భూతద్దం కింద పెట్టండన్నా. నడుమ కండగల పళ్ళెం లాంటిది, అయిదు తమ్మెలుగా కనిపిస్తుంది. అదే. దాని అంచున ఒక్క కేసరమే నిఖార్సుగా ఎదిగి వుంటుంది, మిగతావి మోడులు. ఒకే పూతలో మగ పూలూ ద్విలింగ పూలూ కలిసి వుంటాయి, పళ్ళెం రెండింటిలోనూ వుంటుంది. తేనె లోతుగా దాచింది కాదు, పైనే తెరిచి పెట్టింది, కాబట్టి పొట్టి నోటి ఈగలకు బాగా అందుతుంది. అందుకే పూత విచ్చుకున్నాక మందు కొడితే తేనెమంచు పురుగుతో పాటు మీ పనివాళ్ళూ పోతారు.

మామిడి_పూత
మొగ్గ మీదున్నప్పుడే కొట్టాలని మా నాయన అనేవాడు. కారణం ఇప్పుడు తెలిసింది.

శేషాచలం_నడక
చిన్నప్పుడు అరటిపువ్వు దొప్ప ఎత్తి, వరసగా వున్న పూలు పీకి తేనె చప్పరించేవాళ్ళం. నూరువరహాల పూలు కూడా. అరటిలో చుక్క చాలా పెద్దది. దానికి పళ్ళెం వున్నట్టు గుర్తులేదు.

సూక్ష్మదర్శిని
వుండదు. అరటి, కొబ్బరి, ఉల్లి లాంటి ఏకదళబీజాల్లో చాలావాటికి గ్రంథి అండాశయం గోడల్లోనే వుంటుంది. అండాశయాన్ని కట్టే మూడు ఫలదళాలు కలిసిపోయేటప్పుడు పూర్తిగా అతుక్కోకుండా నడుమ సన్నటి చీలికలు మిగులుతాయి. ఆ చీలికల లోపలి గోడే తేనె ఊరే గోడ. అరటి మగపువ్వులో అండాశయం కాయ కాదు, అయినా ఆ చీలికలు పనిచేస్తూనే వుంటాయి. మీరు చప్పరించింది అదే.

పీలేరు_పిల్లోడు
నాకు ఇక్కడే చిక్కు పడుతోంది. ఒకదాంట్లో కేసరం అడుగున, ఒకదాంట్లో రక్షక పత్రం లోపల, ఒకదాంట్లో అండాశయం గోడలో, అలసందలో అసలు పువ్వు బయట. మరి ఇదొక అవయవమా కాదా? పరీక్షలో పువ్వుకు నాలుగు వలయాలు (రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు, కేసరాలు, ఫలదళాలు) అని రాస్తాం, ఇది ఎన్నోది?

సూక్ష్మదర్శిని
మంచి ప్రశ్న. ఏ వలయమూ కాదు. పత్రం, కేసరం లాగా తనకంటూ ఒక స్థానం లేదు దీనికి. ఏ అవయవం మీదైనా, ఏ సందులోనైనా కొన్ని కణాలకు "నువ్వు గ్రంథివి" అని పిలుపు వస్తే చాలు.

అరబిడాప్సిస్‌లో ఆ పిలుపుకు తప్పనిసరైన జన్యువు పేరు క్రాబ్స్ క్లా, అంటే పీత డెక్క. అది లేకపోతే అండాశయం కొసన ఫలదళాలు అతుక్కోక డెక్కలా విచ్చుకుంటాయి, అందుకా పేరు. 1999లో ఆ జన్యువును పట్టుకున్నారు. అది లేని మొక్కలో గ్రంథి మొదలే కాదు. మామూలుగా ఆ గ్రంథులు కేసరాల అడుగున వస్తాయి. జన్యువు మారిపోయి కేసరాల బదులు ఆకర్షక పత్రాలు పుట్టే మొక్కలున్నాయి, వాటిలో కూడా గ్రంథి ఆ చోట్లోనే వచ్చింది! అంటే కేసరానికి అది తోక కాదు. చోటు ముఖ్యం, అక్కడ ఏ అవయవం పుట్టిందన్నది కాదు.

తర్వాత 2005లో పొగాకు, పెటూనియాల్లో ఆ జన్యువును అణిచి చూస్తే వాటిలోనూ గ్రంథి రాలేదు. పత్తి ఆకు ఈనె మీద వుండే గ్రంథిలో కూడా ఇదే జన్యువు పనిచేస్తూ కనిపించింది. పువ్వులోదీ, పువ్వు బయటిదీ ఒకే పిలుపు. కానీ ఆక్విలీజియా అనే కొండపువ్వులో ఈ జన్యువు పాత్ర లేదు, స్టైలిష్ అనే వేరే జన్యువులు ఆ పని చేస్తాయి. కాబట్టి మొక్కలు తేనె గ్రంథిని ఒక్కసారి కాదు, వేరువేరు దారుల్లో కనిపెట్టుకున్నాయి.

పీలేరు_పిల్లోడు
రేపు క్లాసులో ఇది చెప్తే మా సార్ కుర్చీలోంచి లేస్తాడు. పీత డెక్క!

రిటైర్డ్_మాస్టారు
లేచి చప్పట్లు కొడతాడు, భయపడకు. ఇంకో మాట కూడా చెప్పు: పువ్వే పూయని బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కకు కూడా తేనె గ్రంథులున్నాయి. దీన్ని మాత్రం నేను మా రోజుల్లోనే చదివాను.

మామిడి_పూత
ఇంట్లో సుగర్ చూసుకునే మిషన్ వుంది. అలసంద చుక్క దాని పట్టీకి పెడితే ఏమైతాదో!

పాకాల_రైతుబిడ్డ
మా నాయన మిషన్‌తో పెట్టి చూసినా అన్నా! "హై" అని వచ్చింది. మా నాయన "నాకన్నా దీనికే ఎక్కువుండాదే, దీనికి కూడా మాత్ర రాయించు" అన్నాడు 😂

సూక్ష్మదర్శిని
😂 ఆ పట్టీ గ్లూకోజును మాత్రమే పడుతుంది, సుక్రోజును చూడదు. మాస్టారూ, మీకు ఇంకో సాక్ష్యం దొరికింది, చుక్కలో గ్లూకోజ్ వుందని పాకాలలోనే రుజువైంది. అంకె కోసం మాత్రం దాన్ని నమ్మొద్దు, అది రక్తం కోసం చేసిన మిషను.

టమాటా_బుట్ట
ఈ గ్రంథులు నష్టం చేసేది లేదా మరి? అంతా మంచేనా?

సూక్ష్మదర్శిని
వుంది. పంటను తినే పురుగులకు తల్లులైన రెక్కల పురుగులు కూడా ఆ తేనె తాగి బతుకుతాయి. పత్తిలో ఈ కారణానికే ఆకు మీద గ్రంథులు లేని రకాలు తయారుచేశారు. హవాయి దీవుల అడవి పత్తికి ఆ గ్రంథులు వుండవు, ఆ గుణాన్ని క్రాసింగుతో సాగు పత్తిలోకి తెచ్చారు. అయితే గ్రంథి తీసేస్తే పంట పురుగులను చంపే పరాన్నజీవి కందిరీగలకూ తిండి పోతుంది. ఏ చేనులో ఏ పురుగు ఎక్కువో దాన్ని బట్టి లాభమో నష్టమో.

శేషాచలం_నడక
మొన్న తలకోన దారిలో తంగేడు ఆగి చూసినా. ఆకులో ప్రతి చిట్టాకుల జత మధ్యన ఒక సన్న పుల్ల లాంటి గ్రంథి. ఎన్నేళ్ళు నడిచినా ఆ దారిలో, ఒక్కరోజు వంగి చూళ్ళేదు. పువ్వులో మాత్రం తేనె కనపళ్ళేదు.

సూక్ష్మదర్శిని
తంగేడు పువ్వుది టమాటా పద్ధతి, పుప్పొడి ఒక్కటే. తేనె మొత్తం ఆకు దగ్గర. ఆముదం ఆకు కాడ మీద, నల్లతుమ్మ ఆకు కాడ మీద కూడా చూడండి. నువ్వుల చేను దగ్గర్లో వుంటే పువ్వు తొడిమ మొదట్లో పసుప్పచ్చ గుండీలు కనిపిస్తాయి. అవి నిజానికి పువ్వులుగా ఎదగాల్సి ఆగిపోయిన మొగ్గలు. పువ్వు గ్రంథిగా మారడం అంత స్పష్టంగా ఇంకెక్కడా చూపించలేను.

పాకాల_రైతుబిడ్డ
పన్నెండు రోజుల తర్వాత రాస్తా వుండా. నాలుగు సాళ్ళు మందు లేకుండా వదిలినా. దినామూ ఆరుగంటలకు పోయి కూచుంటా, మా పాప కూడా వస్తుంది. చీమ ఒకటి పిల్ల పురుగును నోట కరుచుకుని దిగిపోయేది కళ్ళారా చూసినా. అదే సాళ్ళలో రెండు మొక్కలకు పేనుబంక కూడా పడింది. మామిడన్న చెప్పినట్టే చీమలు దాని చుట్టూ కాపలా. ఆ చిగుళ్ళు తుంచేసి నీళ్ళతో కడిగినా. కాయతొలుచు పురుగు వదిలిన సాళ్ళలో కూడా వుంది. తక్కువా ఎక్కువా అంటే కాయలు కోసి లెక్క పెట్టినాకే చెప్తా.

ఇంకొకటి అక్కా. కాయ ముదిరిన కాడల్లో బొడిపె ఎండిపోయి గోధుమరంగు అయిపోయింది, చుక్క రాలేదు. లేత కాయ వున్న కాడలో మాత్రం పొద్దున చుక్క వుంది.

సూక్ష్మదర్శిని
అది నువ్వు సొంతంగా పట్టిన సంగతి తమ్ముడూ. ఏ కాడకు ఎన్నాళ్ళు చుక్క వచ్చిందో ఒక పుస్తకంలో రాసి పెట్టు. దారం కట్టి గుర్తు పెట్టుకో.

పాకాల_రైతుబిడ్డ
పాప ఎర్ర దారాలు కట్టేసింది, ఇరవై కాడలకు. పక్క ఊర్లో మా మామోళ్ళది నువ్వుల చేను, రేపు పసుప్పచ్చ గుండీల కోసం పోతా వుండాం. ఫోటోలు పెడతా.